బండి కంటే ముందు నీళ్లు

ఆర్మీ ఫీల్డ్ ట్రైనింగ్‌లో వడదెబ్బ తగిలి నేను పడిపోయిన రోజు గురించి చెప్పేదాంట్లో సగం నాది కాదు. రూట్ మార్చ్‌లో, అంటే బరువులు మోస్తూ చేసే దూరపు నడకలో, చివరి మలుపు దాకానే నాకు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆస్పత్రి పైకప్పు, చేతికి సెలైన్, మూత్రానికి గొట్టం. మధ్యలో జరిగింది కొంత నా బడ్డీ, అంటే నాకు జతగా ఉండే జవాను, చెప్పాడు, కొంత నర్సింగ్ అసిస్టెంట్ చెప్పాడు, మిగతాది సెక్షన్ వాళ్లు తలా ఓ ముక్క చెప్పారు. ఒకరు చెప్పేది ఇంకొకరు చెప్పేదానితో పూర్తిగా కలవదు. అందరూ ఒప్పుకునే మాట ఒకటే, నన్ను వెంటనే అంబులెన్స్ ఎక్కించలేదు. నేను బతకడానికి అదే కారణమని డాక్టర్ తర్వాత చెప్పారు.

వడదెబ్బ అనగానే నడినెత్తిన ఎండ అనుకుంటారు. ఆ రోజు ఎండే లేదు. తెల్లవారకముందే బయలుదేరాం, పైగా మబ్బు పట్టి ఉంది. కానీ ఒకటే ఉక్క. ఆకు కదలడం లేదు. వీపు మీద ప్యాక్, చేతిలో రైఫిల్, తల మీద హెల్మెట్. చెమట ధారగా కారుతోంది గానీ ఆరడం లేదు. ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. గాలిలో తేమ నిండి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. ఒక పక్క కండరాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి, ఆ వేడి బయటికి పోయే చోటుండదు.

దీనికి తోడు నన్ను దెబ్బతీసినవి ఇంకొన్ని ఉన్నాయి. లీవు నుంచి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. వేడిలో శ్రమకు ఒళ్లు అలవాటు పడాలంటే రోజూ కొంత కొంత పెంచుకుంటూ 10 నుంచి 14 రోజులు పడుతుంది. లీవులో ఆ అలవాటు కొంత పోతుంది. ముందు రాత్రి నైట్ ఎక్సర్‌సైజ్ వల్ల నిద్ర లేదు. జలుబుకు టాబ్లెట్ వేసుకుని ఉన్నాను. జలుబు మాత్రల్లో కొన్ని రకాలు చెమట పట్టడాన్ని తగ్గిస్తాయని ఆస్పత్రిలో అడిగినప్పుడే తెలిసింది. వీటిలో ఏ ఒక్కటీ మనిషిని పడగొట్టేంత పెద్దది కాదు. అన్నీ ఒకే రోజు కూడాయి.

ముందు పసిగట్టింది నా బడ్డీ. నేను వరుస తప్పి పక్కకు పోతున్నానట. వాడు లాగి మళ్లీ వరుసలో పెట్టాడు. కాసేపటికి "నా రైఫిల్ ఎవడు తీశాడ్రా?" అని గొడవ మొదలుపెట్టానట. రైఫిల్ నా చేతిలోనే ఉంది. వెనక వాళ్లు నవ్వారు. వాడు నవ్వలేదు. "ఏరా, ఇవాళ ఏ వారం?" అని అడిగాడు. నేను మా కంపెనీ పేరు చెప్పానట. వాడు మా ఇన్‌స్ట్రక్టర్ ఉస్తాద్‌ను కేకేసే లోపు నా మోకాళ్లు మడతపడ్డాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీని దగ్గరే మోసపోతారు. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోయి చర్మం పొడిబారుతుందని అందరం వింటూ పెరిగాం. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చాలాసార్లు అలా జరగదు. నేను పడినప్పుడు కూడా యూనిఫాం పిండితే నీళ్లు కారేలా ఉందట. "చెమట పడుతోందిగా, అలసట అయ్యుంటుంది, నీళ్లు తాగించండి" అని ఎవరో అన్నారు. నర్సింగ్ అసిస్టెంట్ వద్దన్నాడు. మతి సరిగా లేని వాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అదొక్కటే కాదు, నీళ్లు మరీ ఎక్కువ తాగి రక్తంలో సోడియం పడిపోయినా మనిషి ఇలాగే తికమకగా మాట్లాడి పడిపోతాడు, అలాంటప్పుడు ఇంకా నీళ్లు పోయడం ప్రాణం మీదికి తెస్తుంది. చక్కెర పడిపోయినా చూడటానికి ఇలాగే ఉంటుంది. అందుకే అతను శ్వాస, నాడి చూసి వెంటనే థర్మామీటర్ తీశాడు.

ఆ థర్మామీటర్ ఎక్కడ పెట్టాడన్నది మా కంపెనీలో ఇప్పటికీ జోకే. బట్టలు విప్పించి, ఇద్దరి చేత దుప్పటి అడ్డం పట్టించి, మలద్వారంలో పెట్టి చూశాడు. నవ్వుకునే వాళ్లు నవ్వుకోనీ. పరిగెత్తి పడిపోయిన మనిషికి నోట్లోనో, చెవిలోనో, చంకలోనో చూస్తే లోపలి వేడి తెలియదు, రీడింగు తక్కువ చూపించి ధీమా ఇస్తుంది. నాకు 41.4 డిగ్రీల సెల్సియస్ ఉంది. 40 దాటి, మతి తప్పితే వడదెబ్బే. ఇక వేరే ఆలోచన అక్కర్లేదు.

అప్పటికే అంబులెన్స్ వచ్చి ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. ఆస్పత్రికి దూరం చాలానే. ఉస్తాద్ "ఎక్కించండి, ఎక్కించండి" అని అరుస్తున్నాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే అంటారు. కళ్లముందు కుర్రాడు పోతున్నాడంటే బండి ఎక్కించడమే వైద్యం అనిపిస్తుంది. నర్సింగ్ అసిస్టెంట్ ర్యాంకులో ఆయనకంటే చాలా కింద. అయినా "ముందు చల్లబడాలి సార్, తర్వాతే బండి" అన్నాడట. దీనిలో ముఖ్యం 40 దాటి ఎంతకు పోయిందన్నది కాదు, ఎంతసేపు అక్కడ ఉందన్నది. అరగంట లోపు 39 కిందికి దింపగలిగితే మనిషి దాదాపు ఎప్పుడూ బతుకుతాడు. అమెరికాలో ఫాల్మౌత్ రోడ్ రేస్‌లో 18 ఏళ్లలో ఇలా పడిపోయిన 274 మందిని అక్కడికక్కడే ఐసు నీళ్ల తొట్టిలో ముంచితే ఒక్కరు కూడా చనిపోలేదు. ఆ లెక్క నాకు డాక్టర్ చెప్పారు. ఆ రోజు అక్కడున్న వాళ్లలో ఎవరికీ ఆ లెక్కతో పనిలేదు, నర్సింగ్ అసిస్టెంట్‌కు తన పని తెలుసు.

తొట్టి లేదు. టార్పాలిన్ ఉంది. దాని అంచులు నలుగురైదుగురు ఎత్తి పట్టుకుంటే మధ్యలో గుంటలా అయ్యింది. నన్ను అందులో పడుకోబెట్టి, వాటర్ ట్రాలీ నుంచి నీళ్లు నింపి, పెట్టెలో ఉన్న ఐసంతా గుమ్మరించారు. ఒకడు నా చంకల కింద నుంచి గుడ్డ వేసి, తల మునగకుండా పైకి పట్టుకున్నాడు. మిగతా వాళ్లు టార్పాలిన్‌ను అటూ ఇటూ ఊపుతూనే ఉన్నారు. నీళ్లు కదలకపోతే ఒంటికి ఆనుకున్న నీళ్లు వేడెక్కి అక్కడే ఉండిపోతాయి. నేను ఊరుకోలేదట. తన్నాను, తిట్టాను, ఒకడి చేతిని గీరేశాను. తిట్టిన తిట్లు వాళ్లకు వరసగా గుర్తున్నాయి, ఇక్కడ రాయను.

ఇరవై నిమిషాలు కాకముందే 38.9కి వచ్చింది. అప్పుడు బయటికి తీశారు. ఇంకా ఉంచితే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది, అది వేరే సమస్య. తడి గుడ్డలు కప్పి, థర్మామీటర్ తీయకుండానే బండి ఎక్కించారు.

ఆస్పత్రిలో కళ్లు తెరిచాక నేను బాగానే ఉన్నాననుకున్నాను. తలనొప్పి, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు, అంతే. మర్నాడు పంపించేస్తారనుకున్నాను. డాక్టర్ మేడమ్ నా మూత్రం సంచి చూపించారు. డికాక్షన్ రంగులో ఉంది. వేడికి, శ్రమకు కండరాలు చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల్లోకి వస్తుందట. ర్యాబ్డోమయోలిసిస్ అన్నారు. కండరాలు చితికితే పెరిగే సీకే అనే ఎంజైమ్ రక్త పరీక్షలో మామూలుగా ఇంచుమించు 200 లోపు ఉండాలి. నాది 18 వేలు దాటింది. సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు, గంటగంటకూ మూత్రం కొలిచారు. నొప్పులకు మామూలు పెయిన్ కిల్లర్ అడిగితే కిడ్నీలకు మంచిది కాదని ఇవ్వలేదు. మరి ఒళ్లు కాలిపోయినప్పుడు పారాసిటమాల్ ఎందుకు వేయలేదని అడిగాను. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచమంటుంది, ఆ ఆర్డర్‌ను మాత్ర రద్దు చేస్తుంది. వడదెబ్బలో మెదడు అలాంటి ఆర్డరేమీ ఇవ్వదు. కాబట్టి మాత్రకు అక్కడ పనే లేదు, పైగా దెబ్బతిన్న లివర్‌కు బరువు.

లివర్ సంగతి మూడో రోజున బయటపడింది. మొదటి రోజు రిపోర్టు చూస్తే పెద్దగా ఏమీ లేదు. ఎంజైములు ఆ తర్వాత ఎక్కడికో ఎగబాకాయి. వడదెబ్బలో లివర్ అలాగే ఆలస్యంగా చెబుతుందట. అందుకే మొదటి రోజు బాగున్నాడని పంపకూడదని మేడమ్ అన్నారు. కళ్లు పచ్చబడ్డాయి. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. పడిపోయినప్పుడు భయపడటానికి నేను అక్కడ లేనుగా.

తర్వాత అంకెలు నెమ్మదిగా దిగాయి. దారికి రానిది నడక. తిన్నగా నడుస్తున్నాననుకుంటే గోడ వైపు పోయేవాణ్ణి. చిన్న మెదడు వేడికి తొందరగా దెబ్బతింటుందని, నాది తిరిగి వస్తోందని చెప్పారు. వచ్చింది కూడా. చిరాకు మాత్రం చాలాకాలం పోలేదు. ఫోన్‌లో అమ్మ ఒకే మాట రెండుసార్లు అడిగితే అరిచేవాణ్ణి. నిద్రలో ఉలిక్కిపడేవాణ్ణి. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు. రక్త పరీక్షల గురించి అంత వివరంగా చెప్పినవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

డిశ్చార్జ్ అయ్యాక మెడికల్ కేటగిరీ, అంటే డ్యూటీకి ఎంత ఫిట్‌గా ఉన్నానో చెప్పే గ్రేడు, తగ్గించారు. మొదట వ్యాయామం పూర్తిగా బంద్. రక్త పరీక్షలన్నీ మామూలుకు వచ్చాకే చల్లటి గదిలో నడక, ఆ తర్వాత మెల్లగా పరుగు, ఆ తర్వాత బయట వేడిలో, అన్నిటికంటే చివర ప్యాక్. ఇజ్రాయెల్ సైన్యంలో ఇలాంటి వాళ్లకు ఒక పరీక్ష ఉంది. 40 డిగ్రీల వేడి, 40 శాతం తేమ ఉన్న గదిలో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో 2 గంటలు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, లోపలి వేడి ఎలా పెరుగుతుందో చూస్తారు. నాకు అలాంటి గది దొరకలేదు. నర్సింగ్ అసిస్టెంటే పక్కన నడిచాడు. మొదటిసారి బయట పరిగెత్తినప్పుడు గుండె దడ కాస్త పెరగగానే ఆగిపోయాను. అది శ్రమ వల్ల వచ్చిన దడో, టెన్షన్ వల్ల వచ్చిన దడో తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది.

నేను లేని సమయంలో ట్రైనింగ్ ఏరియాలో డబ్ల్యూబీజీటీ మీటర్ పెట్టారు, అంటే తేమ, ఎండ, గాలి వేడి మూడూ కలిపి ఒకే అంకెగా చూపించేది. 1950ల్లో అమెరికా మెరైన్ల ట్రైనింగ్ డిపో పారిస్ ఐలండ్‌లో కుర్రాళ్లు వరసగా పడిపోతుంటే తయారుచేసిన లెక్క అది. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్‌కు 70 శాతం, ఎండ వేడిని పట్టే నల్లటి గోళానికి 20 శాతం, మామూలు గాలి వేడికి 10 శాతం. అంటే తేమదే పెద్ద వాటా. ఆ మీటర్ ముందే ఉండి ఉంటే నేను పడిన పొద్దున మార్చ్ దూరం సగానికి తగ్గించేవాళ్లేమో. ఉక్కలో మబ్బును చూసి మోసపోయేది మనుషులే, మీటర్ మోసపోదు.

కేటగిరీ తిరిగి వచ్చాక చేసిన మొదటి రూట్ మార్చ్‌లో ఉస్తాద్ నన్ను వరుస మధ్యలో పెట్టాడు, ముందూ వెనకా కనిపెట్టుకుని ఉండేలా. ప్రతి హాల్ట్‌లోనూ బడ్డీ వారం పేరు అడిగాడు. రెండోసారికే విసుగొచ్చి తప్పు వారం చెప్పాను. వాడు సీరియస్‌గా కేకేసి నర్సింగ్ అసిస్టెంట్‌ను పిలిచాడు. జోక్ అని నమ్మించడానికి ఆ హాల్టంతా సరిపోయింది. నర్సింగ్ అసిస్టెంట్ దుప్పటి విప్పడం కూడా మొదలుపెట్టాడు.