ఫ్లాస్క్‌తో రైతుబజారు ధరల పేజీ

విశాఖలో ఫ్లాస్క్ (పైథాన్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే లైబ్రరీ) మొదలుపెట్టేవాళ్లకి లాగిన్ పేజీ కంటే ఎంవీపీ కాలనీ రైతుబజారు ధరల పేజీ మంచి సాధన. ఒక టేబుల్, రెండు రూట్లు (పేజీల చిరునామాలు), ఒక ఫారం చాలు.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టు లైబ్రరీలకి విడి చోటు) యాక్టివేట్ చేశాకే, పైథాన్ లైబ్రరీలు తెచ్చే పిప్‌తో ఫ్లాస్క్ ఇన్‌స్టాల్ చేయండి. మీ ఫైలుకి ఫ్లాస్క్ డాట్ పీవై అని మాత్రం పేరు పెట్టొద్దు. పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి మీ ఫైలునే ఇంపోర్ట్ చేసుకుంటుంది. హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు టెంప్లేట్స్ ఫోల్డర్‌లో ఉండాలి. చివర ‘ఎస్’ మరిచిపోతే టెంప్లేట్ దొరకలేదన్న ఎర్రరే.

అసలు చిక్కంతా ధరలు దాచే డేటాబేస్ ఎస్‌క్యూలైట్ దగ్గర. కనెక్షన్‌ని ఫైలు పైభాగంలో ఒక్కసారే తెరిచిపెడితే, రిక్వెస్టు వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాంలో విడిగా సాగే పనివరుసలో) నడుస్తుంది కాబట్టి పైథాన్ ఒప్పుకోదు. ప్రతి రిక్వెస్టుకీ తెరవండి, రిక్వెస్టు ముగిశాక నడిచే టియర్‌డౌన్ ఫంక్షన్‌లో మూసేయండి. టమాటా ధర మార్చాక కమిట్ చేయకపోతే ఆ మార్పు నిలవదు. ఫారంలో వచ్చిన పేరుని క్వెరీలో (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశంలో) నేరుగా అతికించడం చాలా ప్రమాదం. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి విలువని విడిగా పంపండి. ఈ అలవాటు మొదటి రోజే పడాలి.

ఫోన్‌లో చూడాలంటే హోస్టు 0.0.0.0 ఇచ్చి నడిపి, అదే వైఫైలో ల్యాప్‌టాప్ ఐపీని పోర్టు 5000తో తెరవండి. అప్పుడు డీబగ్ మోడ్ (కోడ్‌లో తప్పులు వెతకడానికి వాడేది) తప్పకుండా ఆపేయాలి, ఆ డీబగ్గర్ ద్వారా బయటివాళ్లు మీ మెషీన్‌లో కోడ్ నడపగలరు.