వైండింగ్ షాపులో అర్థమైన సిమెట్రికల్ కాంపొనెంట్స్: నా గేట్ ఎలక్ట్రికల్ ప్రిపరేషన్

ఎంటెక్ సీట్లకు, ప్రభుత్వ రంగ సంస్థల్లో ఇంజనీరు ఉద్యోగాలకు ఆధారమయ్యే గేట్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఎలక్ట్రికల్ పేపర్‌లో నాకు రెండంకెల ర్యాంకు వచ్చింది. అమ్మ ఇంకా నమ్మలేక స్కోరుకార్డును మళ్లీ మళ్లీ తెరిపించి చూస్తోంది. భీమవరం, తాడేపల్లిగూడెం, అమలాపురం వైపు కాలేజీల్లో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోను చేసి ఏ పుస్తకాలు చదివావు, కోచింగ్ ఎక్కడ తీసుకున్నావు, రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నావు అని అడుగుతున్నారు. పుస్తకాలు మీ కాలేజీ లైబ్రరీలో ఉన్నవే. కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్లలేదు, ఇంట్లోనే ఉండి ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఆచార్యుల ఉచిత పాఠాలు విన్నాను. గంటల లెక్క నేను పెట్టుకోలేదు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. అదే ఇక్కడ వివరంగా రాస్తాను.

వంద మార్కుల్లో ఆప్టిట్యూడ్‌కు 15, మ్యాథ్స్‌కు 13 దాకా పోతే మిగిలిన 72 మన సబ్జెక్టువి. మెషిన్స్, పవర్ సిస్టమ్స్ కష్టం కాబట్టి వాటిని పక్కన పెట్టి నెట్‌వర్క్స్, కంట్రోల్ సిస్టమ్స్, సిగ్నల్స్‌తో గట్టెక్కమనే సలహా మన కాలేజీల్లో సీనియర్ల నుంచి జూనియర్లకు వారసత్వంగా అందుతోంది. క్వాలిఫై కావడానికి అది చాలేమో. ప్రభుత్వ రంగ సంస్థ నుంచి పిలుపు రావాలంటే చాలదు. పైగా నాలుగేళ్లు ఎలక్ట్రికల్ చదివినవారు మోటారు పేరు చెబితే జంకడం నేను ఒప్పుకోలేను.

మొదటిసారి రాసినప్పుడు క్వాలిఫై అయ్యాను, కానీ ర్యాంకు ఉద్యోగం దాకా రాలేదు. అప్పటికి సిలబస్ మొత్తం పూర్తయింది, షార్ట్ నోట్సు కూడా ఉంది. టెస్ట్ సిరీస్‌లో మాత్రం అన్‌బ్యాలెన్స్‌డ్ ఫాల్ట్స్ (మూడు ఫేజులకూ సమానంగా తగలని లోపాలు) ప్రశ్న కొంచెం మెలిపెట్టి అడిగితే కలం ఆగిపోయేది. మూడు ఫేజుల్లో సమానత్వం తప్పిన కరెంట్లను పాజిటివ్, నెగటివ్, జీరో సీక్వెన్సులుగా విడదీయవచ్చని ఫోర్టెస్క్యూ అనే ఇంజనీరు 1918లో చూపించాడు. వీటినే సిమెట్రికల్ కాంపొనెంట్స్ అంటారు. పాజిటివ్ మామూలు ఫేజుల వరుసలో, నెగటివ్ తిరగేసిన వరుసలో నడుస్తుంది, జీరోలో మూడు ఫేజులూ ఒక్కసారే లేచి పడతాయి. వాటిని లెక్కగట్టే మాట్రిక్స్ నాకు కంఠస్థమే. నెగటివ్ సీక్వెన్స్ అనేది నిజంగా ఎక్కడైనా ఉంటుందా, కాగితం మీది సౌకర్యమేనా అన్నది మాత్రం తేలలేదు.

అది తేలింది భీమవరంలో ఒక వైండింగ్ షాపులో, అంటే కాలిన మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే చోట.

నాన్న ఆకివీడు వైపు చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తారు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి రాత్రంతా నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరగాలి. ఒక రాత్రి ఒక ఏరియేటర్ మోటారు కాలిపోయింది. పొద్దున్నే నాన్నతో కలిసి దాన్ని షాపుకు తీసుకెళ్లాను. మేస్త్రి మూత విప్పి ఒక్క చూపు చూసి, "ఒక ఫేజు పోయిందమ్మా, మిగిలిన రెండిటి మీద లాగింది. మీ ఫ్యూజులు చూసుకోండి" అన్నారు. ఎలా తెలిసిందని అడిగాను. కాయిల్ గ్రూపులు చూపించారు. రెండు ఫేజుల కాయిల్స్ బొగ్గులా మాడాయి. మూడో ఫేజుది కొత్త రాగిలా మెరుస్తోంది. పక్కనే ఇంకో మోటారు విప్పి ఉంది. దానిలో కాయిల్స్ అన్నీ ఒకే తీరున నల్లబడ్డాయి. అది లోవోల్టేజీలో బరువు లాగి పోయిందన్నారు. మూలనున్న పెద్ద పంపు మోటారులో ఒక్క ఫేజు మాత్రమే కాలి రెండు బాగున్నాయి. "అదీ ఫేజు పోయిందే, కానీ డెల్టా కనెక్షనమ్మా" అన్నారు. ఆయన పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి.

ఇంటికొచ్చి కాగితం తీశాను. మా మోటారుది స్టార్ కనెక్షన్, అంటే మూడు ఫేజుల చివరలూ ఒకే బిందువులో కలుస్తాయి. అందులో ఒక లైను తెగితే ఆ ఫేజులో కరెంటు సున్నా, మిగిలిన రెండు ఫేజులూ సిరీస్‌లో పడతాయి. అందుకే రెండు మాడి ఒకటి మిగిలింది. డెల్టాలో మూడు ఫేజులూ త్రిభుజంలా కలుస్తాయి, ఒక లైను తెగితే ఒక ఫేజు నేరుగా మిగిలిన రెండు లైన్ల మధ్య ఉంటుంది. దానితో సమాంతరంగా మిగిలిన రెండు ఫేజులూ సిరీస్‌లో ఉంటాయి. కాబట్టి ఒంటరి ఫేజు మీద దాదాపు రెట్టింపు కరెంటు పడుతుంది. మాడేది అదొక్కటే. ఇప్పుడు సీక్వెన్సులు వేశాను. ఒక ఫేజు కరెంటు సున్నా, మిగిలిన రెండూ ఒకదానికొకటి ఎదురు. జీరో సీక్వెన్స్ లేదు. పాజిటివ్, నెగటివ్ పరిమాణంలో సమానంగా వచ్చాయి. అంటే ఆ రాత్రి చెరువులో మా మోటారు లోపల ముందుకు తిరిగే అయస్కాంత క్షేత్రంతో పాటు వెనక్కి తిరిగేది కూడా పుట్టింది. నేమ్‌ప్లేట్ మీద 1440 ఆర్‌పీఎం, నాలుగు పోల్స్, కాబట్టి స్లిప్ (తిరిగే క్షేత్రం కన్నా మోటారు తిరిగే భాగం, అంటే రోటార్, ఎంత వెనకబడిందన్న నిష్పత్తి) 0.04. ముందుకు తిరిగే క్షేత్రం వల్ల రోటార్‌లో 2 హెర్ట్జ్, వెనక్కి తిరిగేదాని వల్ల 98 హెర్ట్జ్. రోటార్ వేడెక్కకుండా ఎలా ఉంటుంది? అంతవరకు కాగితానికే పరిమితమైన నెగటివ్ సీక్వెన్స్‌ను రాగి మీద చూశాను. ఆ తర్వాత లైన్ టు గ్రౌండ్ (ఒక తీగ నేలకు తగలడం) అయినా, డబుల్ లైన్ ఫాల్ట్ (రెండు తీగలు ఒకదానికొకటి తగలడం) అయినా, సీక్వెన్స్ నెట్‌వర్కులను ఎలా కలపాలో బట్టీ పట్టే అవసరం రాలేదు. షరతులు రాసుకుంటే బొమ్మ తనంతట తనే వచ్చింది.

ఆ షాపుకు నేను తరచుగా వెళ్లేదాన్ని. లోవోల్టేజీ మోటారు సంగతి కూడా అక్కడే పట్టుబడింది. చెరువుగట్ల మీదుగా లైను పొడవునా మోటార్లు తగిలిస్తే చివరి చెరువుకు చేరేసరికి 415 వోల్టులు 330కి దిగడం గోదావరి డెల్టాలో పుట్టినవారికి కొత్త కాదు. టార్క్ (మోటారు తిప్పే బలం) వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుందని అందరం చదివాం. వోల్టేజీ 80 శాతమైతే గరిష్ఠ టార్క్ 64 శాతమే. బరువు లాగడానికి స్లిప్ పెరుగుతుంది, కరెంటు పెరుగుతుంది, వైండింగ్ కాలుతుంది. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) కూడా ఇలాగే చదవండి. 0.75 ఉన్నదాన్ని మోటారు దగ్గరే కెపాసిటర్ పెట్టి 0.95కు తెస్తే లైనులో కరెంటు సుమారు 21 శాతం తగ్గుతుంది, నష్టం 38 శాతం తగ్గుతుంది. కెపాసిటర్‌ను సబ్‌స్టేషన్‌లో పెడితే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) చివర లాభం ఎందుకు తక్కువో మీరే గీసి చూడండి. రియాక్టివ్ పవర్ అధ్యాయంలో సగం అక్కడే అయిపోతుంది.

మీ ఊళ్లో రొయ్యల చెరువు లేకపోతే రైస్‌మిల్లు ఉంటుంది, ఐస్ ఫ్యాక్టరీ ఉంటుంది, లిఫ్ట్ ఇరిగేషన్ పంపు ఉంటుంది. సిలబస్‌లో ప్రతి యూనిట్‌కూ మన డెల్టాలో ఎక్కడో ఒక యంత్రం ఉంది. అక్కడ పనిచేసేవారిని అది ఎందుకు పాడవుతుందో అడగండి. ఎలా పనిచేస్తుందో పుస్తకం చెబుతుంది.

మిగిలిన సబ్జెక్టుల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత ప్రశ్నపత్రాలు తేదీ పెట్టుకుని చేయండి. ఎన్‌ఏటీ (జవాబుగా సంఖ్య రాసేవి), ఎంఎస్‌క్యూ (ఒకటి కన్నా ఎక్కువ సరైన ఎంపికలు ఉండగలిగేవి) ప్రశ్నలకు నెగటివ్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీగా వదలకండి. తెర మీది కాలిక్యులేటర్‌తోనే మొదటి నుంచి అభ్యాసం చేయండి. క్రమశిక్షణ సంగతి చెబితే కొందరికి విసుగు, అయినా చెబుతాను. పండగ రోజున, పెళ్లింట్లో, చెరువులో రొయ్యల పట్టుబడి జరిగిన రోజున కూడా కొన్ని లెక్కలు చేతితో చేశాకే పడుకున్నాను. సంక్రాంతికి భీమవరంలో ఉండి పందేల వైపు వెళ్లకుండా చదివానంటే ఇక్కడివారికి దాని విలువ తెలుస్తుంది. ఫోనులో ప్రేరణ వీడియోలు చూస్తూ గడిపే గంటను చదువులో కలిపి చెప్పుకోవడం మానండి. రోజూ కూర్చునేవారిని ఏ సిలబస్సూ ఓడించదు.

క్యాంపస్ ఎంపికల్లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను చేరలేదు. బంధువులు చాలా అన్నారు. ఆడపిల్లకు కరెంటు స్తంభాల పనేమిటన్నారు, వచ్చిన జీతం కాలదన్నుకుందన్నారు. సాఫ్ట్‌వేర్ తక్కువని నేను ఏనాడూ అనలేదు. నాకు కావలసింది అది కాదు, అంతే. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు రాష్ట్రాలు చీకట్లో మునిగితే దక్షిణాది గ్రిడ్ నిలబడింది. అప్పటికి మన గ్రిడ్ మిగతా దేశంతో హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజీ డీసీ) లింకుల ద్వారానే కలిసి ఉంది, కాబట్టి అక్కడి కుదుపు ఇటు పాకలేదు. సింక్రనైజ్ అయింది, అంటే మిగతా దేశంతో ఒకే లయలో కలిసింది, 2013 డిసెంబర్ 31న. ఇది చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. దేశమంతా ఒకే 50 హెర్ట్జ్ లయలో తిరుగుతుంటే దాన్ని క్షణక్షణం కాచుకుని కూర్చునే ఇంజనీర్లలో నేనూ ఒకరిని కావాలనుకున్నాను. ఆ కోరిక తప్పని ఎవరూ నన్ను ఒప్పించలేకపోయారు.

అవకాశాలు లేవనే మాట కూడా నిజం కాదు. పవర్‌గ్రిడ్, ఎన్‌టీపీసీ ఉన్నాయి. రాష్ట్ర ట్రాన్స్‌కో, జెన్‌కో, డిస్కంలు సొంత నోటిఫికేషన్లతో ఏఈలను (అసిస్టెంట్ ఇంజనీర్లను) తీసుకుంటాయి. రైల్వే ఉంది, సోలార్, స్విచ్‌గేర్, విద్యుత్ వాహనాల సంస్థలు ఉన్నాయి. మన గోదావరి మీదే పోలవరంలో 12 యూనిట్లతో 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కడుతున్నారు. ఎగువన మోతుగూడెంలో 460 మెగావాట్ల దిగువ సీలేరు ఎప్పటి నుంచో తిరుగుతోంది. కేజీ బేసిన్ గ్యాస్ తగ్గి గోదావరి జిల్లాల్లో గ్యాస్ విద్యుత్ కేంద్రాలు మూతపడటం చూసి చాలామంది ఈ రంగమే పోయిందనుకున్నారు. ఉత్పత్తి చోటు మారింది, ఇంధనం మారింది. లైన్లు, సబ్‌స్టేషన్లు, రిలేలు చూసే మనిషి అవసరం పెరిగింది.

ఈసారి క్వాలిఫై అయినవారు వెంటనే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, కానీ ప్రభుత్వ రంగ సంస్థలు ఎవరికివారే నోటిఫికేషన్ ఇస్తాయి. గేట్ రిజిస్ట్రేషన్ నంబరుతో అక్కడ విడిగా దరఖాస్తు చేయకపోతే ర్యాంకు ఎంతైనా పిలుపు రాదు. ఎంటెక్ అనుకునేవారు ఐఐటీలకు ఒక్కోదానికి విడిగా దరఖాస్తు చేసి, ఆఫర్ల కోసం సీఓఏపీ అనే ఉమ్మడి పోర్టల్‌లో నమోదు కావాలి. ఎన్‌ఐటీలకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ఉంది. ఎంటెక్‌లో నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది కాబట్టి ఇంటి మీద భారం పడుతుందని వెనకడుగు వేయకండి. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలు కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలి. మండల కార్యాలయంలో రాష్ట్ర నమూనా చేతికిచ్చి పంపితే అక్కడే నిలబడి మార్పించుకోండి. ఇంటర్వ్యూకు సింగిల్ లైన్ డయాగ్రాం గీయడం, డిస్టెన్స్ రిలే, బుక్‌హోల్జ్ రిలే, సర్జ్ అరెస్టర్ వంటి రక్షణ పరికరాలు చూసుకోండి. నేను ఈ వారం అవే చదువుతున్నాను.