కిక్కర్‌ని ఆరో రౌండులో ఎవరు తీసుకుంటారమ్మా?

"నీ లిస్టు నాకొద్దమ్మా. ఆరో రౌండులో నేను ఆబ్రీని తీసుకుంటా" అంది మా అమ్మాయి. బ్రాండన్ ఆబ్రీ అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్‌లో డాలస్ కౌబాయ్స్ కిక్కర్, అంటే గోల్‌కి బంతి తన్నేవాడు. ఆ లీగు ఆటగాళ్ళని రౌండ్ల వారీగా ఎంచుకుని (దీన్నే డ్రాఫ్టు అంటారు) సొంత టీము కట్టుకోవడం, వాళ్ళు నిజం మ్యాచ్‌ల్లో ఆడినదాన్నిబట్టి పాయింట్లు తెచ్చుకోవడం ఫ్యాంటసీ ఫుట్‌బాల్. ఫ్యాంటసీ ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళు కిక్కర్ని ఆఖరి రౌండు దాకా ముట్టుకోరు. నేను ఆఫీసు లీగులో ఆడేదాన్నే కాబట్టి రంగులు వేసి మరీ ఆటగాళ్ళ ర్యాంకుల షీటు తయారుచేశాను. అది వద్దన్న ఉక్రోషంతోనే ఇది రాస్తున్నా. పిల్లలు ఈ ఏడు మొదటిసారి లీగులో చేరుతున్న ఇళ్ళకి పనికొస్తుందన్నది పైకి చెప్పుకునే కారణం.

పేర్ల జోలికి పోయేముందు లీగు సెట్టింగ్స్ తెరిచి చూడాలి. మామూలుగా ఒక క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు), ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు (బంతితో పరుగెత్తేవాళ్ళు), ఇద్దరు వైడ్ రిసీవర్లు (విసిరిన బంతి పట్టేవాళ్ళు), ఒక టైట్ ఎండ్ (ప్రత్యర్థుల్ని అడ్డుకుంటూ బంతీ పట్టేవాడు), ఒక ఫ్లెక్స్ (క్వార్టర్‌బ్యాక్ కాక పై మూడు రకాల్లో ఎవరైనా), ఒక కిక్కర్, ఒక డిఫెన్స్ (ఏదో ఒక టీము డిఫెన్స్ మొత్తం) ఉంటాయి. బెంచీ మీద ఆరుగురు. అంటే 15 రౌండ్లు, 12 టీములుంటే మొత్తం 180 పేర్లు. పరుగెత్తినా, పట్టుకున్నా 10 గజాలకి ఒక పాయింటు, టచ్‌డౌన్‌కి (బంతిని అవతలి చివరి గీత దాటిస్తే) 6. క్వార్టర్‌బ్యాక్ విసిరితే 25 గజాలకి ఒకటి, టచ్‌డౌన్‌కి సాధారణంగా 4.

అసలు మెలిక క్యాచ్‌కి విడిగా పాయింటు ఇస్తారా లేదా అన్న దగ్గరుంది. ఆరు క్యాచ్‌లు, 70 గజాలు, ఒక టచ్‌డౌన్ చేసిన రిసీవర్‌కి మామూలు లీగులో 13 వస్తాయి. క్యాచ్‌కి అర పాయింటు ఇచ్చే లీగులో 16, క్యాచ్‌కి ఒక పాయింటు ఇచ్చే పూర్తి పీపీఆర్‌లో 19. ఒక్క బంతీ పట్టకుండా 80 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసిన రన్నింగ్ బ్యాక్‌కి మాత్రం మూడింట్లోనూ 14 పాయింట్లే. ఏ స్కోరింగుకి రాసిందో చూడకుండా దొరికిన లిస్టు ప్రింట్ తీసుకుంటే కాగితం దండగ.

తర్వాత మీ వంతు ఎప్పుడొస్తుందో లెక్కేసుకోండి. స్నేక్ డ్రాఫ్టులో ప్రతి రౌండుకీ వరుస తిరగబడుతుంది. 12 టీముల్లో మొదటి చోటు వస్తే 1 తర్వాత 24, 25. ఐదో చోటైతే 5, 20, 29, 44. చివరి చోటైతే 12, 13, మళ్ళీ 36, 37. చివర్లో ఉన్నవాళ్ళకి జంటగా ఎంచుకునే వీలుంది కానీ, ఆ తర్వాత 22 మంది వెళ్ళిపోయేదాకా చేతులు కట్టుకుని చూడాలి. అందుకే మాక్ డ్రాఫ్టులు, అంటే సాధన కోసం చేసే ఉత్తుత్తి డ్రాఫ్టులు, ఒకే చోటునుంచి కాకుండా ముందు, మధ్య, చివర మూడింటినుంచీ చేయించాలి. మా అమ్మాయి మాక్ అన్నిటినీ ఒకటో చోటునుంచే చేస్తుంది. అక్కడైతే నచ్చినవాడు ఎప్పుడూ దొరుకుతాడు మరి.

ఇక ఏడీపీ. ఒక ఆటగాడు సగటున ఎన్నో వంతులో పోతున్నాడో చెప్పే అంకె. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు: పోయినేడు ఆ కాలేజీలో సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసుకుని ఆప్షన్ల వరుస రాసినట్టే. ఆ అంకె ఆటగాడి గొప్పతనాన్ని చెప్పదు, ఎప్పటిదాకా దొరుకుతాడో మాత్రమే చెబుతుంది. డ్రాఫ్ట్ జరిగే యాప్‌లో తెరమీద కనిపించే వరుసని మీ లిస్టు పక్కన పెట్టి చూడండి. పిల్లల లీగులో చాలామంది తెరమీద పైనున్న పేరే నొక్కుతారు. యాప్ కిందకి నెట్టినవాడు మీ లిస్టులో పైనుంటే, ఇంకో రౌండు ఆగి తీసుకోవచ్చు. సొంతూరి మోజు దీన్నంతా తారుమారు చేస్తుంది. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో కౌబాయ్స్ ఆఫీసు చుట్టుపక్కల పెరిగే పిల్లల లీగులో కౌబాయ్స్ ఆటగాళ్ళు ఏడీపీ దాకా మిగిలుంటారని నేనైతే నమ్మను.

షీటు మీద 1 నుంచి 180 దాకా వరుసగా రాయడంకన్నా, ఒక్కో పొజిషన్‌లో ఒకడికీ తర్వాతివాడికీ సత్తాలో అంతరం పెద్దగా ఉన్నచోట గీత గీయడం మేలు. ఒకే గీత లోపల నలుగురు రిసీవర్లు మిగిలి, మీ తర్వాతి వంతుకి ముందు వేరేవాళ్ళవి రెండే వంతులుంటే కంగారు పడకుండా వేరే పొజిషన్ చూసుకోవచ్చు. ఒక్కడే మిగిలితే అప్పుడే లాగెయ్యాలి. క్వార్టర్‌బ్యాక్ కోసం ఆగమనడానికీ కారణం ఇదే: 12 టీములకి కావాల్సింది 12 మంది, ఎన్ఎఫ్ఎల్‌లో 32 టీములకీ ఒక్కొక్కరున్నారు. రన్నింగ్ బ్యాక్‌లు కనీసం 24 మంది కావాలి, అందులో బంతి ఎక్కువసార్లు చేతికందేవాళ్ళు తక్కువ. సూపర్‌ఫ్లెక్స్ లీగయితే ఇద్దరేసి క్వార్టర్‌బ్యాక్‌లని ఆడించొచ్చు కాబట్టి ఈ సలహా పూర్తిగా తిరగబడుతుంది.

కిక్కర్ సంగతి. 39 గజాల లోపు ఫీల్డ్ గోల్‌కి (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నితే) 3, 40 నుంచి 49కి 4, 50 దాటితే 5 పాయింట్లు. మొదటి కిక్కర్‌కీ పన్నెండోవాడికీ వారానికి తేడా కొద్దిపాటిదే. పైగా ఈ ఏడు ముందున్నవాడు వచ్చే ఏడు ఉంటాడన్న నమ్మకం లేదు. ఆరో రౌండులో వారం వారం ఆడించదగ్గ రిసీవర్ దొరుకుతాడు. ఇదంతా వివరంగా చెప్పాను. 2023లో ఆబ్రీ తన మొదటి 35 ఫీల్డ్ గోల్సూ వరసగా వేశాడనీ, దూరం నుంచి తన్నుతాడు కాబట్టి ఐదేసి పాయింట్లు వస్తాయనీ అటునుంచి జవాబు. ఎన్ఎఫ్ఎల్‌కి రాకముందు అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేశాడని కూడా చెప్పింది. అమ్మానాన్నలిద్దరం ఆ ఉద్యోగమే చేసే ఇంట్లో ఈ మాట ఎందుకన్నదో అర్థం కానట్టు నటించాను.

గాయాలు, జీతాల పేచీలు ఆఖరి వారంలో చూడాలి. 2018లో రన్నింగ్ బ్యాక్ లేవియాన్ బెల్ ఒప్పందం మీద సంతకం చెయ్యకుండా ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాడు. మొదటి రౌండులో అతన్ని తీసుకున్నవాళ్ళలో అతని బదులు ఆడిన జేమ్స్ కానర్‌ని కూడా పట్టుకున్నవాళ్ళే తేరుకున్నారు. 2024లో దాదాపు అందరి లిస్టులోనూ ఒకటో పేరైన రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ ఆడింది నాలుగే మ్యాచ్‌లు. పీయూపీ జాబితాలో (గాయం వల్ల ఇంకా ఆడలేనివాళ్ళది) సీజన్ మొదలుపెట్టినవాడు కనీసం నాలుగు మ్యాచ్‌లు ఉండడు. అలాంటివాడికి బెంచీలో చోటు ఉందా అని ముందే లెక్కేసుకోవాలి. బై వీక్‌లు, అంటే ఒక్కో టీముకి మ్యాచ్ లేని వారాలు, మామూలుగా 5 నుంచి 14 మధ్య వస్తాయి. వాటికోసం మంచి ఆటగాణ్ణి వదులుకోకండి, ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లకీ ఒకే వారం పడకపోతే చాలు.

ఇంత చెప్పాక నాకే మింగుడుపడని సంగతి ఒకటుంది. 2023లో రిసీవర్ పుకా నకువాని, నిజం టీములు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే అసలు ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులోనే 177వ వంతులో తీసుకున్నారు. చాలా ఫ్యాంటసీ లీగుల్లో అతన్ని ఎవరూ అడగలేదు. ఆ ఏడాది 1,486 గజాలు చేశాడు. ర్యాంకులు నమ్మొద్దని పిల్లకి నీతులు చెప్పే మనిషిని నేనే, ర్యాంకుల షీటుకి లామినేషన్ చేయించిందీ నేనే. ఓడిపోయే టీముని కట్టుకునే హక్కు పన్నెండేళ్ళ పిల్లకి ఉండాలా అంటే ఉండాలనే అంటాను. ఆ కర్సర్ ఆబ్రీ పేరు మీదకి వెళ్తే నా నోరు ఊరుకుంటుందా అన్నది వేరే ప్రశ్న.

డబ్బుల విషయంలో మాత్రం బెట్టుగానే ఉన్నాను: పిల్లల లీగులో ఎంట్రీ ఫీజు వద్దు. ఫోన్లో తాతగారు "ఇదీ పేకాటలాంటిదే కదమ్మా" అన్నారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి కాబట్టి ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. నా ఆఫీసు లీగు ఫీజు సంగతి ఆయనకి చెప్పలేదు.

డ్రాఫ్టుకి మంచి సమయం లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారాంతం. ప్రీసీజన్ అయిపోతుంది, టీములు 53 మందికి కుదించుకుంటాయి, మామూలుగా ఆ తర్వాతి గురువారం మొదటి మ్యాచ్. చిక్కల్లా వినాయక చవితి కూడా కొన్నేళ్ళు ఆ చుట్టుపక్కలే రావడం. 2022లో ఆగస్టు 31, 2025లో ఆగస్టు 27. పూజ సాయంత్రమే డ్రాఫ్టు పడితే, తేదీ మార్చమని లీగు నడిపే కమిషనర్‌ని పిల్లే అడగాలి, మనం కాదు. కుదరకపోతే యాప్‌లో ముందుగానే కనీసం 40 పేర్లు తన వరుసలో పెట్టుకోవాలి. లేకపోతే ఆటోడ్రాఫ్ట్ యాప్ వరుసనే తీసుకుంటుంది. పాలవెల్లి కింద ఫోన్ పెట్టుకుని భారత్ మ్యాచ్ స్కోరు చూసిన వాళ్ళ నాన్నని ఏమీ అననిదాన్ని, శమంతకోపాఖ్యానం చదువుతుంటే నువ్వు ఫోన్ చూడకు అని దీన్ని ఏ ముఖంతో అనాలో తెలీదు. ఆ నలభై పేర్లలో ఆబ్రీ ఎక్కడున్నాడో చూడకుండా ఉండగలనన్న నమ్మకం కూడా లేదు.