బుధవారం, నాన్నతో మ్యూజియాలకు

నాన్న కంటి ఆపరేషన్ అయి మూడు వారాలు. చెకప్ పొద్దున తొమ్మిదిన్నరకే అయిపోయింది. అంతా బాగానే ఉంది, చుక్కలు మాత్రం ఇంకో వారం వేయాలన్నారు. నేను ఎలాగూ సెలవు పెట్టాను. "ఇంటికెళ్లి ఏం చేస్తం? కండ్లు బాగైనయ్ గదా, ఏమన్న చూపించు" అన్నాడు నాన్న. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నా. ఎన్నిసార్లు వచ్చినా ఆయన్ని ఆసుపత్రులకూ పెళ్లిళ్లకే తిప్పాను. ఆ మాటకి మనసు చివుక్కుమంది.

ముందు సాలార్‌జంగ్‌కి వెళ్లాం. తెల్లపాలరాతి రెబెక్కా విగ్రహం దగ్గర నాన్న చాలాసేపు నిలబడిపోయాడు. ముఖం మీద పల్చటి ముసుగు, దాని వెనక ముక్కూ పెదాలూ తెలుస్తుంటాయి. అంతా ఒకటే రాయి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. నిజాం దగ్గర దివాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. "తడిబట్ట ఒంటికి అంటుకున్నట్టే ఉందమ్మా" అన్నాడు నాన్న. నేను ఆ విగ్రహాన్ని నాలుగుసార్లు చూశాను, అది తడిబట్ట అని నాకెప్పుడూ తోచలేదు.

పన్నెండుకి ముందే గడియారం ముందు జనం చేరారు. గంటకోసారి అందులోంచి గడ్డపాయన బొమ్మ బయటికొచ్చి ఎన్నయితే అన్ని గంటలు కొడుతుంది కదా, రోజు మొత్తంలో ఎక్కువ దెబ్బలు వినాలంటే ఆ వేళకే వెళ్లాలి. పిల్లలు గట్టిగా లెక్కపెడుతుంటే నాన్న కూడా పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. అయితే ఆయన కళ్లు గంట కొట్టేవాడి మీద లేవు. పక్కనే సెకన్లకి సమ్మెట వేస్తున్న కమ్మరి బొమ్మ మీదున్నాయి.

ఇదంతా ఎక్కువగా మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగేసిందని చెప్పాను. 1912లో దివాన్ అయ్యి, రెండేళ్లకే పదవి వదిలేసి, 1949లో పోయేదాకా వస్తువులు సేకరిస్తూనే ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. 1951లో, ఆయన నివసించిన దివాన్ దేవిడీ భవనంలోనే నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. "పిల్లలుంటే పంచుకునేటోళ్లు. లేరు కాబట్టి మనమందరం చూస్తున్నం" అన్నాడు నాన్న.

భోజనం చేసి పురానీ హవేలీలో నిజాం మ్యూజియంకి ఆటోలో వెళ్లాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు చూడటానికే వెళ్లాలి అక్కడికి. పొడుగాటి వరండాకి రెండువైపులా, రెండంతస్తులుగా బీరువాలు. చేత్తో నడిపే చెక్క లిఫ్టు కూడా ఉంది. ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదని చెబుతారు. "నా పెండ్లి చొక్కా ఆరేండ్లు తొడిగిన" అన్నాడు నాన్న మెల్లగా. అందులో బాధేమీ లేదు. ఆ చొక్కా గుర్తొచ్చినందుకు సంతోషమే కనిపించింది.

అలసిపోయాడేమో, ఇక చాలు అందామనుకున్నా. కానీ నాకు మూడోదే ముఖ్యం. ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి నడిచాం. స్కూలు పిల్లలంతా ఈజిప్టు మమ్మీ చుట్టూ ఉన్నారు. రెండు వేల ఏళ్లు పైబడిన అమ్మాయి, ఆక్సిజన్ చొరబడని అద్దాల పెట్టెలో. నాన్న ఒక్క నిమిషం చూసి దండం పెట్టాడు.

తర్వాత బౌద్ధ శిల్పాల వైపు తీసుకెళ్లాను. అక్కడ మేమిద్దరమే. "ఇది చూడు నాన్నా" అని సున్నపురాతి బుద్ధుణ్ణి చూపించా. నాన్న వంగి పక్కనున్న చీటీ కూడబలుక్కుని చదివాడు. కళ్లద్దాలు లేకుండా. "నేలకొండపల్లి."

ఖమ్మం జిల్లాలోని ఆ ఊరు మా సొంతూరికి ఐదు కిలోమీటర్లు. నాన్న చిన్నప్పుడు అక్కడి విరాటరాజు దిబ్బ మీద గొడ్లు కాసేవాడు. పాండవులు అజ్ఞాతవాసంలో ఉన్నది ఇక్కడేనని, కీచకుణ్ణి చంపింది ఇక్కడేనని ఆ చుట్టుపక్కల అందరూ చెప్పుకుంటారు. తవ్వకాలు జరిపితే బౌద్ధ విహారాలు బయటపడ్డాయి. ఆ సంగతి నాన్నకి తెలుసు, పేపర్లో చదివాడు. కానీ తను కూర్చున్న మట్టి కింద నుంచి వచ్చిన ముఖం ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి.

"మేం దీని మీదే కూసోని జొన్నరొట్టె తిన్నమేమో" అన్నాడు. గొంతు మారిపోయింది.

రెబెక్కాని చూడటానికి నేను నాలుగుసార్లు వెళ్లాను. ఈ గదికి ఈ రోజుతో రెండోసారి. ఇలా ఎందుకు జరిగిందో ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తున్నాను. రోమ్ నుంచి వచ్చిన రాయి కథ నాకు నోటికొచ్చు. ఈ బుద్ధుణ్ణి ఏ చేతులు చెక్కాయో, మా ఊరి పక్కన ఏ దారిన భిక్షువులు నడిచారో అడగాలని ఇన్నాళ్లూ తోచలేదు. వచ్చే నెల పిల్లల్ని తీసుకుని దిబ్బ దగ్గరికి వెళ్లాలి. గొడ్లు ఎక్కడ మేసేవో నాన్నే చూపించాలి.

బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. చుక్కల టైమైంది. నాన్న తల వెనక్కి వాల్చాడు, రెండు చుక్కలు వేశాను. ఐదు నిమిషాలు కళ్లు తెరవొద్దన్నాను. ఆయన కళ్లు మూసుకునే రెండు చేతులూ గాల్లో ఎడంగా పెట్టి, "ఆ దిబ్బ మీది ఇటుకలు ఇంతింత ఉండేవమ్మా" అని కొలత చూపించాడు.