జేబులో ఇంటికి వచ్చిన వార్డు

నర్సు ఏప్రాన్‌కు జేబులు పెట్టింది చేతులు ఖాళీగా ఉండటం కోసం. ఒక చేత్తో రోగి మణికట్టు పట్టుకుని మరో చేత్తో సెలైన్ బొట్ల వేగం సరిచేసే మనిషికి, విప్పిన సిరంజి మూతను ఎక్కడ పెట్టాలా అని ఆలోచించే వ్యవధి ఉండదు కాబట్టి అది జేబులోకే పోతుంది. దాని వెంట ప్లాస్టర్ చుట్ట, దూది, స్పిరిట్ తడి ఆరిపోయిన గాజుగుడ్డ, చేతికి బిగించే రబ్బరు పట్టీ, నరంలోకి మందు ఎక్కించడానికి పెట్టే సన్నని గొట్టం అయిన కాన్యులా వాడకుండా మిగిలినది ఒక్కొక్కటిగా చేరతాయి. గుంటూరులో మనతో నర్సింగ్ చదువుకున్న వారిలో ఇంటికో హాస్టల్ గదికో చేరాక జేబు తడుముకుని ఇటువంటి వస్తువేదో బయటికి తీయనివారు ఉండరు. చూసేవారికి ఇవి చిల్లర సామాన్లే కావచ్చు. నాకు మాత్రం వాటిలో ప్రతి ఒక్కటీ ఆ రోజు ఏ మంచం దగ్గర నిలబడ్డామో చెప్పే గుర్తుగానూ, ఆ మంచం దగ్గర ఇప్పుడు లేకుండా పోయిన వస్తువుగానూ కనిపిస్తుంది. ఈ రెండో సంగతినే మన ట్యూటర్లు పదే పదే గుర్తు చేసేవారు.

మన ప్రాంతపు వార్డుల్లో తరచుగా జేబుకెక్కే వస్తువు ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందు నింపి మూసిన చిన్న గాజు సీసా) మెడ కోసే చిన్న రేకు. మిరప, పత్తి పొలాలున్న పల్నాటి గ్రామాల నుంచి పురుగుమందు ఒంట్లోకి వెళ్లిన రైతులను, కూలీలను తెచ్చిన రాత్రులు మనవాళ్లెవరూ మరిచిపోలేరు. ఆ పురుగుమందుల్లోని ఆర్గానోఫాస్ఫరస్ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మన దేశంలో ఎక్కువగా 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూళ్లలో వస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరిన స్రావాలు ఆరి, గుండె వేగం పెరిగేదాకా కొన్ని నిమిషాలకొకసారి మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి కనుక, ఒక్క మనిషి కోసమే గుట్టలుగా గాజు మెడలు విరవవలసి వచ్చేది. మందుపెట్టెలో వచ్చే రేకుతో మెడ మీద గీత గీసి, విరిచి, మందు లాగి ఎక్కించి, టార్చి వేసి కనుపాప చూసి, మళ్లీ ఇంకొక ఆంప్యూల్ అందుకునే తొందరలో ఆ రేకు జేబులో పడేది. వేళ్లకంటిన అట్రోపిన్ కంట్లో పడితే కనుపాప విప్పారి చూపు మసకబారుతుంది గనుక, ఆ జేబు తడిమిన చేత్తో కళ్లు నలుపుకోవద్దని సీనియర్ అక్కలు హాస్టల్ మెట్ల మీదే హెచ్చరించేవారు.

ప్లాస్టర్ ముక్క సంగతి వేరు. కాగితం చేతికందని వేళ రక్తపోటు, నాడి, మూత్రం కొలత దాని మీద రాసి ఏప్రాన్ అంచుకు అతికించుకోవడం మనందరికీ అలవాటే. ‘7వ మంచం, 90/60’ అని రాసిన ముక్క ఇంటికి వచ్చిందంటే ఆ అంకె కేసు షీటులోకి ఎక్కిందా లేదా అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవలసిన విషయం. ఎక్కకపోతే, రోగి రక్తపోటు ఎప్పటి నుంచి పడిపోతున్నదో తరువాతి డ్యూటీ సిస్టరుకు తెలిసే దారి లేదు.

వీటన్నిటికంటే బరువైనది మందుల బీరువా తాళంచెవి. మార్ఫిన్, పెథిడిన్, ఫెంటనిల్ వంటి, తీవ్రమైన నొప్పికి ఇచ్చే మత్తుమందులు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తాయి. అందుచేత వాటిని తాళం వేసిన బీరువాలో ఉంచి, డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు సిస్టర్లు ఎదురెదురుగా ఆంప్యూళ్లు లెక్కపెట్టి, రిజిస్టరులో సంతకాలు చేసి, తాళంచెవిని చేతి నుంచి చేతికి అప్పగించాలి. మేము చదువుకునే రోజుల్లో ఒక వార్డు సిస్టరమ్మగారు మధ్యాహ్నం లెక్క సరిచూసి సంతకాలు చేశాక, సరిగ్గా అప్పుడే కొత్త రోగిని తీసుకురావడంతో తాళంచెవి ఇవ్వడం ఒక్కటే మరుగున పడింది. ఆవిడ తెనాలి స్టేషనులో దిగి సంచీలో చెయ్యి పెట్టేసరికి అది వేళ్లకు తగిలింది. ఇంటి ముఖం చూడకుండా తరువాతి రైల్లోనే గుంటూరు తిరిగి వచ్చారు. ఆలోగా కేన్సర్ నొప్పితో ఉన్న ఒక పెద్దావిడకు మరో వార్డు నుంచి అరువు తెచ్చి ఇంజెక్షన్ చేశారు గానీ, ఆ అరువు అందేవరకు ఆ తల్లి ఎంత బాధ ఓర్చుకున్నదో సిస్టరమ్మగారే స్వయంగా మా క్లాసులో ఏదీ దాచకుండా చెప్పారు. అటువంటివారు మనకు చదువు చెప్పడం మన అదృష్టం.

నన్ను ఎక్కువగా కదిలించినది మాత్రం ఆసుపత్రి వస్తువు కాదు. ఆపరేషనుకు వెళ్లే స్త్రీ ఒంటి మీద లోహం ఉంచకూడదు. రక్తనాళాలను కాల్చి మూసే విద్యుత్ పరికరం వాడేటప్పుడు లోహం తగిలిన చోట చర్మం కాలే ప్రమాదం ఉంది. మెడ బోసిపోకూడదని పసుపుకొమ్ము కట్టిన దారం వేసి, మంగళసూత్రాన్ని అత్తగారి చేతికో తల్లి చేతికో ఇచ్చేవాళ్లం. మెట్టెలు వేళ్లకు బిగుసుకుపోయి ఉండటం వల్ల చివరి నిమిషంలో సబ్బునీళ్లతో తీయవలసి వచ్చేది. ఆ వేళకు బంధువులు రక్తం కోసమో మందుల కోసమో బయట పరుగులు పెడుతుండేవారు. నా సహాధ్యాయిని ఒకామె సిజేరియన్‌కు వెళ్తున్న గర్భిణి మెట్టెలను అలాగే తీసి, గాజుగుడ్డలో చుట్టి, పేరు రాసిన ప్లాస్టర్ అంటించి, జేబులోపల పిన్నీసుతో గుచ్చుకుంది. అంతలో డ్యూటీ మారింది. బ్రాడీపేటలోని ఇంటికి చేరి బట్టలు మార్చుకునేటప్పుడు గానీ ఆ మూట ఆమె కంటపడలేదు. వాళ్లమ్మగారు దాన్ని విప్పనివ్వలేదు. “ముత్తయిదువ సొత్తమ్మా, రాత్రికి మనింట్లో ఉంచకూడదు, ఇప్పుడే ఇచ్చి రా” అని, ఒక కుంకుమ పొట్లం కూడా జతచేసి, తమ్ముణ్ణి తోడిచ్చి రిక్షాలో పంపారు. ఆ బాలింత మొదట బిడ్డను చూపించమన్నదనీ, ఆ వెంటనే మెట్టెలెక్కడని అడిగిందనీ నా సహాధ్యాయిని తిరిగి వచ్చాక చెప్పింది.

వాడిన సూది ఇంటికి రానే కూడదు. బట్టలు ఉతికే మనిషి చేతికి అది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం ఉంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు సూదులకు గుచ్చుకుపోని తెల్ల డబ్బాను నిర్దేశించాయి. పొరపాటున వచ్చిన సూదిని ఇంటి చెత్తలో కలపకుండా, మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, వార్డుకే తీసుకువెళ్లి ఆ డబ్బాలో వేయాలి. గుచ్చుకుంటే సబ్బునీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి చేరాలి, హెచ్.ఐ.వి. నివారణ మందులు అవసరమైతే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకముందే మొదలుపెట్టాలి.

మన హాస్టల్‌లో బట్టలు నానబెట్టే గట్టు పక్కన ఒక రేకు డబ్బా, దారంతో కట్టిన ఒక నోటు పుస్తకం ఉండేవి. వస్తువేమిటి, ఏ వార్డుది, ఎవరు తిరిగి చేర్చారు అన్న మూడు గళ్లే అందులో ఉండేవి గానీ, ఎవరి జేబులో వచ్చిందన్న గడి ఉండేది కాదు. అందువల్లనే ఏదైనా భయం లేకుండా ఆ డబ్బాలోకి వచ్చేది, రాత్రి డ్యూటీకి వెళ్లే అక్క తీసుకువెళ్లి వార్డులో ఇచ్చేది. ఇప్పటి విద్యార్థినులకు అటువంటి ఏర్పాటు లేదని విన్నాను. మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున హాస్టల్‌కు ఒక చిన్న అల్మారా, అదే మూడు గళ్ల పుస్తకం, సూదుల కోసం ఒక తెల్ల డబ్బా సమకూర్చాలని కోరుతున్నాను. మొదటి విరాళం నేనిస్తాను. తాళంచెవులు, మత్తుమందు ఆంప్యూళ్లు మాత్రం అందులో పెట్టకూడదు, దొరికిన క్షణమే వెళ్లి వార్డు సిస్టరు చేతికి ఇవ్వాలి.