రీడింగ్ రాసే పిల్ల, వైరు కలిపే పిల్ల

బుధవారం, అనంతపురం

ఈ రోజు పదో తరగతికి ఓమ్ నియమం ప్రయోగం: తీగకు వోల్టులు ఎంత పెంచితే అందులో పారే కరెంటు కూడా అదే లెక్కన పెరుగుతుందని చూపేది. దాని వీడియో నిన్న సాయంత్రమే బడిలో ట్యాబ్ మీద చూపించేశాం. ఇంట్లో చూసి రమ్మంటే చాలామంది ఆడపిల్లలకు కుదరదు. ఉన్న ఒక్క ఫోను నాయన జేబులోనో అన్న చేతిలోనో ఉంటుంది. అది ఖాళీ అయ్యేసరికి ఈ పిల్లకు వంటింట్లో పని, లేదంటే ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. అందుకే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో పాఠం ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి, నెట్ లేకున్నా నడుస్తుంది.

వీడియో ఎక్కడ ఆపుతామన్నది చాలా ముఖ్యం. ఒక సెల్‌తో రీడింగ్ కనబడగానే ఆపి, "రెండో సెల్ పెడితే ముల్లు ఎంతకు పోతుంది?" అని అడిగి, అందరూ చీటీల్లో రాశాకే ముందుకు పోవాలి. నోటితో అడిగితే చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ నలుగురే. చీటీ అయితే వెనక బెంచీ అమ్మాయి వేసిన లెక్క కూడా బయటపడుతుంది.

అసలు చిక్కు ల్యాబ్‌లో. నలుగురిని ఒక గ్రూపు చేస్తే ఎవరూ చెప్పకుండానే వైర్లు అబ్బాయిలకు, పట్టిక అమ్మాయిలకు పోతాయి. "నీ రైటింగ్ బాగుంటాది, నువ్వు రాయి" అంటారు. మెచ్చుకున్నట్టే ఉంటుంది, ఆ పిల్ల మాత్రం ఏడాదంతా వైరు ముట్టదు. చివరికి "ఫిజిక్స్ నాకు రాదు మేడం" అంటుంది. చెయ్యి పెట్టనిది ఎట్లా వస్తుంది? అందుకని సెల్ కలిపిన ప్రతిసారీ పనులు మారాలి: కలిపేది, కీ (స్విచ్) పెట్టేది, ముల్లు చదివేది, రాసేది. 1.5 వోల్టుల సెల్‌లు నాలుగు, పిల్లలు నలుగురు. అందరికీ అన్ని పనులూ వస్తాయి.

ఒక బల్ల దగ్గర, కరెంటు కొలిచే అమ్మీటర్ ముల్లు కదల్లేదు. సెల్ పాడైందని తీసేయబోయారు. "సెల్ ప్లస్ నుంచి వేలు పెట్టి దారి పట్టుకుని రా" అని మాత్రం చెప్పి పక్కకు జరగాలి, వైరు మనం ముట్టకూడదు. ఆ గ్రూపులో ఒకమ్మాయి వేలు, ప్రయోగానికి పెట్టిన నిక్రోమ్ తీగ దాటి నేరుగా వోల్టులు కొలిచే వోల్ట్‌మీటర్‌లోకి పోయి ఆగింది. దాన్ని శ్రేణిలో, అంటే కరెంటు పోయే దారిలోనే పెట్టేశారు. దాని నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, చాలా ఎక్కువ, కరెంటు దాదాపు పారదు. తనే విప్పి తీగకు సమాంతరంగా, అంటే దాని రెండు కొనలకూ పక్కగా కలిపింది, ముల్లు లేచింది. అమ్మీటర్‌ను సమాంతరంగా పెడితే మాత్రం ఊరుకోకూడదు, కాలిపోతుంది. ముల్లు వెనక్కి తిరిగితే ప్లస్, మైనస్ తారుమారయ్యాయని అర్థం.

ఇంకొకటి, రబ్బరు. వోల్ట్‌మీటర్ 1.4 చూపిస్తే చెరిపేసి 1.5 అని దిద్దుతారు, పుస్తకానికి సరిపోవాలని. అమ్మాయిలు మరీను. సెల్‌కు లోపల కూడా కొంత నిరోధం ఉంటుంది కాబట్టి కరెంటు పారేటప్పుడు 1.4 రావడమే నిజం. అమ్మీటర్ 0.28 ఆంపియర్లు చూపింది, 1.4ను దానితో భాగిస్తే తీగ నిరోధం 5 ఓమ్‌లు. రెండు సెల్‌లతో 2.6 వోల్టులు, 0.52 ఆంపియర్లు. మళ్లీ 5. తన చేత్తో తీసిన అంకెలు కలిసినప్పుడు ఆ పిల్ల గొంతే మారుతుంది. ప్రయోగం రోజున బల్ల మీద రబ్బరు ఉండనివ్వకూడదు.

వచ్చే వారం వీడియోకు వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి గురించి రెండు నిమిషాలు చేర్చాలి. 1948లో వాతావరణ శాఖలో చేరి, దాదాపు 100 రకాల పరికరాల డ్రాయింగులను ప్రామాణికం చేశారు. తర్వాత దేశంలో గాలిశక్తిని కొలిచారు. రామగిరి కొండల మీది గాలిమరలు మన పిల్లలు ఎరిగినవే.

సెల్ హోల్డర్ స్ప్రింగులు మూడు తుప్పు పట్టాయి, గరుకు కాగితంతో రుద్దాలి. రీడింగ్ అవ్వగానే కీ తీయకపోతే సెల్‌లు దిగిపోతున్నాయి, తీగ కూడా వేడెక్కుతోంది. రేపు బి సెక్షన్.