తింటేనే చంపే బాక్టీరియా

వానాకాలంలో డెంగీ వార్తలు మొదలవగానే కాలనీల్లో అందరూ ముందుగా అడిగేది ఫాగింగ్ గురించే. పొగ కంటికి కనబడుతుంది కాబట్టి ఏదో జరుగుతోందన్న ధైర్యం కలుగుతుంది. కానీ ఆ పొగ తగిలేది ఆ సమయంలో ఎగురుతున్న దోమలకే. మురుగు కాలువలోనూ, మూత లేని డ్రమ్ములోనూ పెరుగుతున్న లార్వాలకు, అంటే దోమ పిల్లపురుగులకు, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు, వారం పది రోజుల్లో అవే రెక్కలు తొడుక్కుని బయటికి వస్తాయి. దోమను నీళ్లలో ఉండగానే ఆపాలన్నది నా గట్టి అభిప్రాయం. అందుకు మనకున్న సాధనాల్లో ఎంతో మేలైనది, అయినా మనం సరిగా అర్థం చేసుకోనిది ఒక బాక్టీరియా.

దాని పేరు బాసిల్లస్ థురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్, వాడుకలో బీటీఐ. మన పత్తి రైతులకు బీటీ అన్న మాట కొత్త కాదు. కాయతొలుచు పురుగును చంపే జన్యువును పత్తిలోకి తెచ్చింది ఈ జాతి బాక్టీరియా నుంచే, అయితే ఆ రకం వేరు, ఇది వేరు. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక వాగు మడుగులో దోమ లార్వాలు చచ్చి పడి ఉండడం గమనించిన యోయెల్ మార్గలిత్, లియొనార్డ్ గోల్డ్‌బర్గ్‌తో కలిసి దీన్ని వెలికితీశారు.

ఈ బాక్టీరియా బీజాలు కట్టే దశలో తన లోపల ప్రోటీన్ స్ఫటికాలను తయారుచేసుకుంటుంది. ఆ స్ఫటికం ఉన్నదున్నట్టుగా విషం కాదు. దోమ లార్వా పేగులో క్షారగుణం చాలా ఎక్కువ. అక్కడికి చేరాకే స్ఫటికం కరుగుతుంది, జీర్ణరసాలు దాన్ని ముక్కలు చేస్తాయి, ఆ ముక్కలు పేగు గోడ కణాలకు అతుక్కుని రంధ్రాలు పెడతాయి. కణాలు ఉబ్బి పగిలిపోతాయి, లార్వా మేత మానేస్తుంది, సాధారణంగా ఒక రోజు లోపలే చనిపోతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా ఆ విషం అతుక్కునే చోటు మన పేగులో లేదు. చేపలకూ, దోమ లార్వాలను వేటాడి తినే తూనీగ పిల్లలకూ దీనివల్ల హాని లేదు. రసాయన మందులకు లేని గొప్పతనం ఇదే.

ఒక గాజు గ్లాసులో నాలుగు లార్వాలను వేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ లార్వా తోక చివరి గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. దాని నోటి దగ్గరి సన్నని కుచ్చులు క్షణం ఆగకుండా ఆడుతూ నీటిలోని నలుసులను లోపలికి తోడుకుంటాయి. మందు దాని కడుపులోకి వెళ్లే దారి ఆ కుచ్చులే. అదే గ్లాసులో కామా గుర్తులా వంగి, తాకగానే గిరగిరా తిరిగే ప్యూపా కూడా ఉండవచ్చు; లార్వాకూ రెక్కల దోమకూ నడిమి దశ అయిన అది ఏమీ తినదు కాబట్టి దానిమీద బీటీఐ పనిచేయదు. ప్యూపాగా మారబోయే ముదురు లార్వా కూడా దాదాపుగా మేత మానేస్తుంది. అందుకే నీటిలో ప్యూపాలు నిండిన తరువాత మందు చల్లి, దోమలు తగ్గలేదని దాన్ని నిందించడం అన్యాయం.

మలేరియాను మోసే అనాఫిలిస్ లార్వా వేలాడదు. నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని అక్కడి నలుసులనే మేస్తుంది. అడుగుకు దిగిపోయే మందు దానికి అందదు. జర్మనీలో రైన్ నది వరద మైదానాల్లో 1980ల నుంచి బీటీఐ వాడుతున్న బృందం, మందు కలిపిన నీటిని గడ్డకట్టించి ఆ మంచు గుళికలను హెలికాప్టర్ నుంచి చల్లే పద్ధతిని కూడా అనుసరించింది. మంచు ఆకుల సందుల్లోంచి జారి నీటిమీద తేలుతూ కరుగుతుంది, మందు పైపొరలోనే విడుదలవుతుంది. లార్వా తీరును అంత శ్రద్ధగా గమనించి చేసిన పని నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

బీటీఐకి బురద, ఎండ రెండూ శత్రువులే. మురికి నీటిలో లార్వా మందుకన్నా మురికినే ఎక్కువ మింగుతుంది, ఎండకు స్ఫటికాల బలం తగ్గుతుంది, కాబట్టి తరచుగా మళ్లీ చల్లవలసి వస్తుంది. మురుగులో బాసిల్లస్ స్ఫెరికస్ అనే మరో బాక్టీరియా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ దాని బలం ప్రధానంగా ఒకే జంట విషం మీద ఆధారపడి ఉండడం వల్ల కొచ్చిలో దాన్ని వాడిన చోట క్యూలెక్స్ దోమలు నిరోధకతను పెంచుకున్నట్టు 1990లలోనే బయటపడింది. బీటీఐలో నాలుగు ముఖ్యమైన విషాలు కలిసి పనిచేస్తాయి, వాటన్నిటినీ ఒకేసారి తట్టుకోవడం దోమకు చాలా కష్టం. ఈ రెండు బాక్టీరియాలనూ కలిపి వాడడం అందుకే మంచిది. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ స్వదేశీ బీటీఐ రకంతో తయారీ పద్ధతిని రూపొందించింది కాబట్టి మందు కోసం బయటి దేశాలవైపు చూడవలసిన పని కూడా లేదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు జంకు ఉంది. దోమకు దగ్గరి చుట్టాలైన, కుట్టని కైరోనోమిడ్ ఈగల లార్వాలు కూడా మోతాదు పెరిగితే దీనికి చనిపోతాయి. ఫ్రాన్స్‌లోని కమార్గ్ చిత్తడి నేలల్లో బీటీఐ చల్లిన చోట్ల ఆ ఈగలు తగ్గి, వాటిని మేసే హౌస్ మార్టిన్ అనే పక్షుల గూళ్లలో పిల్లల సంఖ్య పడిపోయిందని పరిశోధకులు చూపించారు. ఊరి మురుగు కాలువకూ, మేడమీది ట్యాంకుకూ ఈ భయం అక్కరలేదు. కొల్లేరు లాంటి పక్షుల నెలవుల్లో మాత్రం ముందు అక్కడి పురుగులనూ పక్షులనూ లెక్కించకుండా దీన్ని చల్లకూడదు.